వీపుకి వీపు ఆనించిన బండి

ఐఫెల్ కొండల్లో మే నెల ఆదివారం.
వాన వెలిసి రోడ్డు ఇంకా ఆవిర్లు కక్కుతోంది.
పాల డెయిరీ వెనక ఖాళీ జాగాలో
పదకొండు బుల్లి కార్లు.
అన్నిటినీ ఎత్తి పోసినా
ఒక పాల లారీ నిండదు.

గెర్లిండె ఇజెట్టాకి తలుపు మూతి మీదే.
ఫ్రిజ్ తెరిచినట్టు తెరుస్తుంది.
తలుపుతో పాటే స్టీరింగూ పక్కకి తప్పుకుంటుంది,
అత్తారింట కొత్తల్లుడిలా ఒద్దిగ్గా.
లోపల కూర్చుని తలుపు లాక్కుంటే
రోడ్డు వచ్చి ఒళ్లో కూర్చుంటుంది.
గేరు కర్ర ఎడమ గోడకి.
మొదటిసారి తోలినప్పుడు
రెండో గేరనుకుని నాలుగు వేసి
సరిగ్గా చర్చి గుమ్మం ముందు,
పెళ్లివాళ్లు బయటికొచ్చే వేళకి ఆపేశాను.
అయినా మెత్తని మనిషి ఆ బండి.
ఎత్తు మీద గొణుక్కుంటూ ఎక్కుతుంది,
గొడవ మాత్రం పెట్టదు.

ఓట్మార్ మెసర్‌ష్మిట్ అలా కాదు.
గాజు మూత ఎత్తి దిగాలి, ఒకరి వెనక ఒకరు,
దోనెలో కూర్చున్నట్టు.
స్టీరింగుకి చక్రం లేదు, ఓ అడ్డకడ్డీ.
తుమ్మితే వీధి మారిపోతుంది.
వెనక్కి పోవాలంటే ఇంజన్ ఆపి
తాళంచెవి ఇంకాస్త లోపలికి నొక్కి తిప్పాలి.
అప్పుడు ఇంజనే తిరగబడి తిరుగుతుంది,
నాలుగు గేర్లూ వెనక్కే.
పందెం కాసి ఓట్మార్ ఒకసారి
తన రొట్టెల కొట్టు నుంచి వంతెన దాకా
వెనక్కే పోయాడు.
చీటీ ఏ అద్దానికి అంటించాలో తెలియక
పోలీసాయన నవ్వి వదిలేశాడు.
ఎండకాలం మాత్రం ఆ గాజు కింద
మనిషి ఆవకాయ ముక్కలా ఊరిపోతాడు.

హైంకెల్ సంగతి అడక్కండి.
దాని బ్రేకుల గురించి మాట్లాడాలంటే
ముందు అవి ఉండాలి.

నాది యానస్, త్సుండాప్ వాళ్లది.
ముందొక తలుపు, వెనకొక తలుపు,
నడుమ ఇంజను, దానికి అటొకటి ఇటొకటి
ఎడమొహం పెడమొహంగా సీట్లు.
ఆగి ఉంటే దాని తల ఏదో తోక ఏదో
కుక్కలకి కూడా అంతుపట్టదు.
నడకంటారా, గొప్పలు చెప్పను.
వెనక బరువెక్కితే మూతి తేలిపోతుంది,
మలుపులో ఎవరి మాటా వినదు.
పద్నాలుగు గుర్రాలు,
అందులో రెండింటికి ఎప్పుడూ జలుబే.

అరవై ఒకటిలో రోస్విటా, నేనూ
దీన్లోనే బ్రెన్నర్ కనుమ దాటాం.
పక్కన చోటుంది రమ్మంటే
"పక్కనుంటే నువ్వు తోలేది చూడాలి" అని
వెనక సీట్లో, నాకు వీపు పెట్టి కూర్చుంది.
ఇంటికొచ్చాక ఎవరడిగినా
ఇద్దరివీ రెండు ప్రయాణాలు.
నేను మలుపు తిరగ్గానే సరస్సు మీద పడిందంటాను.
ఆమె, అది అరగంట సేపు
చిల్లర పైసంత అయ్యేదాకా వదల్లేదంటుంది.
బోల్‌జానోలో చూస్తే వెనక చక్రం మూత లేదు.
"ఓ కుర్రాడు వెండి పళ్లెంలాంటిదేదో ఊపుతూ
మన వెంట పరిగెత్తాడు కదా,
టాటా చెబుతున్నాడనుకున్నా" అంది.
"మరి నువ్వేం చేశావు?"
"నేనూ ఊపాను."
ఆ మూత కోసం నలభై ఏళ్లు పోట్లాడుకున్నాం.
మూత దొరకలేదు,
పోట్లాట మాత్రం చక్కగా దొరికింది.

ఇవాళ మనవరాలు ఫ్రావ్కె తోలుతానంది.
పక్కన కూర్చుంటే నోరు ఊరుకోదని
మొదటిసారి వెనక తలుపు తీశాను.
సీటు ఇరుకు. పెట్రోలు, ఆయిలు కలిసి కాలిన వాసన.
వీపు కింద ఇంజను వణుకు.
డెయిరీ, గెర్లిండె, రొట్టెల కొట్టు
ఒక్కొక్కటే నా ముందు నుంచి లేచి,
తొందరేం లేనట్టు, చిన్నవవుతున్నాయి.
మలుపు వస్తోందో లేదో తెలియదు.
వచ్చాకే తెలుస్తుంది, ఒంటికి.
ఇన్నాళ్లూ ఇంత నమ్మి కూర్చుందా మనిషి?

కొండ దిగువన సైకిలు మీద ఓ పిల్లాడు
నా వైపే చెయ్యి ఊపుతున్నాడు.
"ఫ్రావ్కే! చక్రం మూతలు చూసుకున్నావా?"
ఇంజను హోరులో దానికేం వినబడదు.
నా చెయ్యి అప్పటికే పైకి లేచింది.